ఇంటి గుట్టు ఎవరికి చేటు?

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతను మన ఇళ్ళలో ఎవరిమీద ప్రయోగిస్తారో ఎప్పుడైనా గమనించారా? నూటికి తొంభైసార్లు ఆడవాళ్ళమీదే. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళే పిల్లకి పసుపు కుంకుమలతోపాటు ఈ సామెతను కూడా ఒళ్ళో పోసి పంపుతారు. అక్కడి మాట ఇక్కడ అనకమ్మా, ఇక్కడి మాట అక్కడ అనకమ్మా అని. లంక గుట్టు బయటపెట్టినవాడు విభీషణుడు. మగవాడు, పైగా చిరంజీవి! ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

సామెత తప్పని నేననను. ఇంట్లో జరిగినదల్లా వీధిలో ఆరబోసుకునేవాళ్ళని చూస్తే నాకూ చిరాకే. కానీ దాచుకోవలసిన గుట్టేది, చెప్పి తీరవలసిన గుట్టేది, ఆ గీత ఎక్కడ గీయాలి అన్నది మాత్రం తేలిగ్గా తెగే విషయం కాదు. ఈ మధ్య ఈ ప్రశ్న నాకు ఎక్కడ ఎదురైందో చెబితే నవ్వుతారేమో. అణువిద్యుత్ కేంద్రాలను చల్లబరిచే ద్రవలోహాల గురించి చదువుతుంటే ఎదురైంది.

ద్రవలోహం అనగానే కంగారుపడకండి. జ్వరం చూసే పాత థర్మామీటరు కిందపడి పగిలితే గచ్చుమీద వెండిపూసల్లా దొర్లేది, ఆ పాదరసం, ద్రవలోహమే. సాధారణంగా అణు రియాక్టర్లలో పుట్టే వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. కానీ ఫాస్ట్ బ్రీడర్ అనే రకం రియాక్టరులో నీళ్ళు పనికిరావు. నీళ్ళు తగిలితే న్యూట్రాన్ల వేగం తగ్గిపోతుంది, అక్కడేమో వేగం తగ్గకూడదు. అందుకని కరిగిన లోహాన్ని గొట్టాల్లో పారిస్తారు. ఇదేమంత కొత్తది కూడా కాదు. వాడుకోదగినంత అణువిద్యుత్తు మొదటిసారి 1951 డిసెంబరు 20న అమెరికాలోని ఐడహోలో నాలుగు బల్బులు వెలిగించింది. ఆ రియాక్టరును చల్లబరిచింది సోడియం, పొటాషియం కలిసిన ద్రవలోహమే.

ఎక్కువమంది నమ్ముకున్నది సోడియాన్ని. 98 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 883 డిగ్రీలు దాటితేగాని మరగదు. అందుచేత మన ప్రెషర్ కుక్కరులా ఒత్తిడి పెట్టి బిగించనక్కర్లేదు. వేడిని ఇట్టే అందుకుంటుంది, ఇట్టే అందిస్తుంది. ఇన్ని సుగుణాలున్న కోడలికి ఒక్క కోపం ఉన్నట్లు, దీనికీ ఒక కోపముంది. వేడిమీద ఉండగా గాలి తగిలితే మండుతుంది, నీళ్ళు తగిలితే పేలుతుంది. కాలేజీ లేబరేటరీలో దీన్ని కిరసనాయిలు సీసాలో ముంచి ఉంచేది అందుకే. ఇంకొక చిక్కు ఏమిటంటే దానిలోంచి ఏదీ కనపడదు. నీళ్ళ తొట్టి అడుగున చెంచా పడితే కనిపిస్తుంది. సోడియం తొట్టి అడుగున ఏం పడిందో దేవుడికెరుక. కడుపులో బిడ్డను చూసినట్లు అల్ట్రాసౌండు పెట్టి చూడవలసిందే. తన గుట్టు తాను ఇంత భద్రంగా దాచుకునే పదార్థం చుట్టూ మనుషులు కూడా గుట్లు పేర్చుకుంటే ఏమవుతుంది?

జపాన్‌లో ఫుకుయి ప్రాంతంలో, సముద్రం ఒడ్డున త్సురుగ అనే ఊరుంది. అక్కడ కట్టిన సోడియం రియాక్టరు పేరు మొంజు. మన మంజుశ్రీ! బౌద్ధంలో జ్ఞానానికి అధిదేవత అయిన బోధిసత్వుడు, సింహంమీద కూర్చుంటాడు. అదే ఊళ్ళో ఇంకొక రియాక్టరుకు ఏనుగు నెక్కే సమంతభద్రుడి పేరు పెట్టి ఫుగెన్ అన్నారు. అడవిమృగమంత బలాన్ని జ్ఞానంతో అదుపులో పెడతామని వాళ్ళ భావం. పేరు పెట్టడంలో ఎంత వినయముందో, ఎంత ధీమా ఉందో చూడండి.

1995 డిసెంబరు 8 సాయంత్రం మొంజులో సోడియం కారింది. దాదాపు 640 కిలోలు. మంట, తెల్లటి పొగ. కారింది రియాక్టరును తాకే మొదటి వలయంలో కాదు, రెండో వలయంలో. అందుచేత రేడియోధార్మికత బయటికి రాలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నిజం చెప్పాలంటే అక్కడితో ఇది పెద్ద కథ కాదు. కథ ఆ తర్వాత మొదలైంది. లోపల తీసిన వీడియోలో భయంకరంగా ఉన్న భాగాలు కత్తిరించి, మిగిలింది పత్రికలవాళ్ళకు చూపించారు. అంతకు ముందే తీసిన మరో వీడియో ఉందన్న సంగతే దాచారు. త్వరలోనే గుట్టు రట్టయింది. సోడియం మంటకు కాలని నమ్మకం ఆ కత్తెరతో పోయింది. ఈ దాపరికంమీద సంస్థలోనే విచారణ జరిపిన ఒక అధికారి 1996 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన భార్య ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి ఓడిపోయింది. మొంజు మళ్ళీ మొదలవడానికి 2010 మే దాకా పట్టింది. ఆ ఏడాదే మరో ప్రమాదం, ఇంకా ఇతర చిక్కులూ తోడై, 2016 డిసెంబరులో ఇక మూసేద్దామని ప్రభుత్వం నిర్ణయించింది.

ఆ భార్య గురించి చదివినచోట పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పరువు అనేదాన్ని కాపాడటానికి ఒక సంస్థ ప్రయత్నిస్తే దాని ఖరీదు ఎక్కడో ఒక ఇల్లాలి వంటింట్లో చెల్లించవలసి వచ్చింది. దాపరికం ఎప్పుడూ ఇంతే. దాచమన్నవాడు ఒకడు, మోసేవాడు ఇంకొకడు.

అసలు ఆ సోడియం ఎందుకు కారింది? కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. గొట్టంలో ఉష్ణోగ్రత చూడటానికి వేలంత సన్నటి ఒక తొడుగు లోపలికి పెడతారు. ప్రవాహంలో నిలబెట్టిన కర్ర వణుకుతుంది కదా, అలాగే అదీ వణుకుతుంది. అటూ ఇటూ పక్కలకి ఊగుతుందని ఇంజనీర్లకు తెలుసు, ఆ లెక్క చూసుకున్నారు. కానీ ప్రవాహం వెళ్ళే దిశలోనే, ముందుకీ వెనక్కీ కూడా ఊగగలదని ఆనాటి నియమాల్లో లేదు. అలా ఊగి ఊగి, లావు ఒక్కసారిగా తగ్గినచోట బీటవారి విరిగింది. ఇది ఒక్క జపాన్‌వాడి పొరపాటు కాదు. ప్రపంచమంతా అదే లెక్క వేస్తోంది. ఆ విరిగిన ముక్కను అన్ని వైపులా పరీక్షించి, జరిగింది జరిగినట్లు రాసి, 1998లో జపాన్ ఇంజనీర్ల సంఘం కొత్త నియమాలు అచ్చువేసింది. 2010లో అమెరికన్ ఇంజనీర్ల సంఘం తన నియమాలు మార్చినప్పుడు ఈ ముందువెనకల ఊపును కూడా లెక్కలో చేర్చింది. ఆ నియమాలు అణుకేంద్రాలకే పరిమితం కాదు. నూనె శుద్ధి చేసేచోట, ఎరువులు చేసేచోట, ఆవిరి గొట్టాలున్న ప్రతిచోటా అలాంటి తొడుగులుంటాయి. మంజుశ్రీ ఇంట్లో విరిగిన వేలు ఎక్కడెక్కడి ఇళ్ళనో కాపాడుతోందన్నమాట.

అంటే ఒకే సంఘటనలో రెండు గుట్లున్నాయి. ఒకటి వీడియో, దాచబోయి చెడ్డారు. రెండోది విరిగిన ముక్క, చెప్పి పదిమందికి మేలు చేశారు. మనుషులు అవే మనుషులు, దేశం అదే దేశం.

మా పిన్నిగారుండే అపార్టుమెంటులో ఆ మధ్య ఒకావిడ వంటింట్లో గ్యాసు గొట్టం దగ్గర మంట లేచింది. గోనెసంచి తడిపి గబగబా ఆర్పేసుకుంది. ఎవరితోనూ అనలేదు. ‘ఆవిడకి చేతకాదు, ఇల్లు తగలబెట్టుకోబోయింది’ అంటారని. మూడు వారాలకి పై అంతస్తులో అదే బాపతు గొట్టం, అదే చోట బీట. వాళ్ళు ఒకే రోజున, ఒకే మనిషి దగ్గర కొన్నారు. పైవాళ్ళ అదృష్టం బాగుండి వాసన ముందే తగిలింది. తర్వాత సంగతి తెలిసి అందరూ కిందావిణ్ణి తప్పుపట్టారు. నాకు మాత్రం ఆవిడమీద కంటే, చెబితే ఏమంటారో అని ఆవిడ భయపడేట్లు బతికిన మిగతావాళ్ళమీదే కోపమొచ్చింది. ఆ మాట అంటే పిన్నిగారు ‘నీకన్నీ విడ్డూరాలే’ అన్నారు.

సరే, రష్యావాళ్ళ సంగతికొద్దాం. వాళ్ళు సోడియంతోపాటు సీసం, బిస్మత్ కలిసిన ద్రవాన్ని కూడా పట్టారు. ఇది గాలికి మండదు, నీళ్ళకి పేలదు. ఉక్కును మాత్రం మెల్లగా తినేస్తుంది. దీనికి విరుగుడు ఇసుమంత ఆక్సిజన్. కొంచెం ఉంటే ఉక్కుమీద సన్నటి పొరకట్టి కాపాడుతుంది. ఎక్కువైతే మడ్డి పేరుకుని దారులు పూడిపోతాయి. కూరలో ఉప్పులాగా కొలత తప్పకూడదు. ఆ కొలత వాళ్ళకు ఎలా తెలిసిందో తెలుసా? కె-27 అనే జలాంతర్గామిలో 1968 మే 24న మడ్డి అడ్డుపడి రియాక్టరులో కొంతభాగానికి ద్రవం అందలేదు. ఇంధనం దెబ్బతింది. నావికులు రేడియేషన్‌కు గురయ్యారు. కొందరు చనిపోయారు. ఆ జలాంతర్గామిని చివరికి 1982లో ఉత్తరాన కారా సముద్రంలో ముంచేశారు. ఈ విషయాలేవీ దశాబ్దాల తరబడి లోకానికి తెలియవు. సోవియట్ యూనియన్ పోయాక, 1998లో ఒబ్నిన్‌స్క్ ఊళ్ళో జరిగిన సభలో రష్యన్ శాస్త్రజ్ఞులు సీసం, బిస్మత్‌లతో తమ అనుభవాన్ని పైదేశాలవాళ్ళ ముందు విప్పారు. తర్వాత అనేక దేశాలవాళ్ళు కలిసి ఈ ద్రవాల గుణాలన్నీ ఒక పెద్ద చేతిపుస్తకంగా కూర్చారు. 2007లో ఒకసారి, 2015లో పెంచి మరోసారి న్యూక్లియర్ ఎనర్జీ ఏజెన్సీ దాన్ని ప్రచురించింది. 2006లో స్విట్జర్లాండులో యూరప్, జపాన్, కొరియా, అమెరికా సంస్థలు కలిసి ఇదే ద్రవంతో మెగాపై అనే ప్రయోగం నాలుగు నెలలు జయప్రదంగా నడిపాయి.

ఇక్కడ నాకొక ప్రశ్న. ఆ నావికులు ప్రాణాలిచ్చి సంపాదించిపెట్టిన తెలివి ఎవరిది? ప్రభుత్వానిదా? నౌకాదళానిదా? దాచిపెట్టిన ఆ ముప్పై ఏళ్ళలో మరెక్కడైనా మరొకడు అదే తెలివిని అదే ఖరీదుకు కొనుక్కుని ఉంటే? ఒకరి చావువల్ల తెలిసిన విషయాన్ని దాచుకోవడమంటే చనిపోయినవాడిని రెండోసారి వృథా చేయడమే అని నాకనిపిస్తుంది. యుద్ధరహస్యం కదా అంటారు. నిజమే. కానీ ఆక్సిజన్ ఎక్కువైతే మడ్డి కడుతుందన్నది శత్రువుమీద విసరగల ఆయుధం కాదు కదా.

మరి విభీషణుడి మాటేమిటి? రావణుడి ఆయువుపట్టు చెప్పాడు, రావణుడు చచ్చాడు. బలహీనత చెబితే చేటేగా? అవును, ఎదుటివాడు బాణం పట్టుకుని నిలబడ్డప్పుడు చేటే. కానీ సోడియానికి ఏ దేశపు పౌరసత్వమూ లేదు. అది ఐడహోలోనూ మండుతుంది, త్సురుగలోనూ మండుతుంది, కల్పాక్కంలోనూ మండుతుంది. అందరికీ శత్రువు ఒకటే అయినప్పుడు లంక వేరు, అయోధ్య వేరు కాదు.

అలాగని అన్నీ అందరికీ చెప్పేయమని నేననటం లేదు. ఈ రియాక్టర్లలో ప్లుటోనియం ఉంటుంది, దానితో బాంబులూ చేయవచ్చు. ఆ తాళంచెవి దాచుకోవలసిందే. చిత్రమేమిటంటే లోకంలో జనం బలాన్ని చాటుకుంటారు, లోపాన్ని దాచుకుంటారు. ఇలాంటి విషయాల్లో చేయవలసింది సరిగ్గా తలకిందులు.

ఇచ్చిపుచ్చుకోవడంలో చేదు అనుభవం మనకూ ఉంది. కల్పాక్కంలోని చిన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు 1969లో ఫ్రాన్సుతో ఒప్పందం కుదిరింది. వాళ్ళ రాప్సొడీ రియాక్టరు నమూనా ఇచ్చారు, ముప్పై మంది దాకా మన ఇంజనీర్లకు అక్కడ శిక్షణ ఇచ్చారు. 1974లో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్ష చేయడంతో వాళ్ళిస్తామన్న ఇంధనం రాలేదు. ఆవకాయ కొలత చెప్పి, ఆవపిండి దగ్గరికొచ్చేసరికి మాట మార్చే పక్కింటావిడ గుర్తొస్తుంది. వాళ్ళ భయం వాళ్ళది, తప్పని గట్టిగా అనలేను. మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోకుండా యురేనియం ప్లుటోనియం కార్బైడు ఇంధనం తయారుచేసుకున్నారు. 1985 అక్టోబరు 18న రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఇదేదో అరవదేశపు విషయమని అనుకోకండి. ఇంధనం అమర్చే గొట్టాల పని మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులోనే జరిగింది.

ఇంధనం ఆగిందిగాని మాట ఆగలేదు. నన్ను ఆకట్టుకున్నది ఇదే. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1967లో ఫాస్ట్ రియాక్టర్లకోసం ఒక బృందం పెట్టింది. అమెరికా, రష్యాలు ఒకదానిమీద ఒకటి క్షిపణులు గురిపెట్టుకున్న రోజుల్లో కూడా ఆ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. మనవాళ్ళూ కూర్చున్నారు. బెలొయార్‌స్క్‌లో 1980 నుంచి నడుస్తున్న తమ రియాక్టరులో 27 సార్లు సోడియం కారిందని, అందులో 14 సార్లు మంటలు లేచాయని రష్యావాళ్ళు వివరాలతో సహా లోకానికి చెప్పారు. 2002 ఏప్రిల్‌లో కల్పాక్కంలో 75 కిలోలు కారిన సంగతి మనవాళ్ళూ రాశారు.

ఇంకొక ముచ్చట చెప్పాలి. 1986 ఏప్రిల్ 3న ఐడహోలో, ఇ.బి.ఆర్.-2 అనే సోడియం రియాక్టరు పూర్తిబలంతో నడుస్తుండగా, పైదేశాలవాళ్ళు కూడా చూస్తుండగా, కావాలనే పంపులు ఆపేశారు. రియాక్టరును ఆపే యంత్రాంగాన్ని కూడా అడ్డుపడకుండా కట్టేశారు. వేడెక్కిన రియాక్టరు తనంతట తానే చల్లారిపోయింది. ఇరవైమూడు రోజుల తర్వాత చెర్నోబిల్‌లో ప్రమాదం జరిగి, ఈ వార్త ఆ పొగలో కలిసిపోయింది. పాతికేళ్ళు గడిచాక, 2012లో, ఆ పరీక్షల వివరాలు బయటికి తీసి పదకొండు దేశాల్లోని పంతొమ్మిది సంస్థలకు ఇచ్చారు. కల్పాక్కం సంస్థ కూడా వాటిలో ఉంది. ఒక షరతు పెట్టారు. ఆరంభస్థితి చెబుతాం, ఫలితం చెప్పం, ముందు మీ లెక్క మీరు వేసి తెండి అన్నారు. అందరూ లెక్కలు అప్పగించాక అసలు కొలతలు ఇచ్చారు. ఎవరి గీత ఎక్కడ తప్పిందో అందరికీ కనిపించేలా ఒకే కాగితంమీద గీశారు. తర్వాత ఎవరికి వారు దిద్దుకుని మళ్ళీ లెక్క వేశారు. అదంతా 2017లో అచ్చయింది.

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, తమ లెక్క తప్పిందని పొరుగుదేశంవాడి ఎదుట ఒప్పుకోవడానికి ముందే సిద్ధపడి వెళ్ళడం! మనం పొరుగింటావిడ ముందు గిన్నె మాడిందని ఒప్పుకుంటామా? నిన్నటి గిన్నె అని మెల్లగా అటు జరిపెయ్యమూ?

ఇందులో చెప్పేవాడి ధర్మమొక్కటే చూస్తే సగమే చూసినట్లు. వినేవాడి ధర్మం మాటేమిటి? 27 సార్లు కారిందన్న రష్యావాణ్ణి చూసి ‘అయ్యబాబోయ్’ అని, ఒక్కసారీ చెప్పనివాణ్ణి చూసి ‘ఎంత శుభ్రంగా ఉంచుకున్నాడో’ అని మెచ్చుకుంటే, రేపు ఎవడైనా ఎందుకు చెబుతాడు? కత్తెర అందించినవాళ్ళం మనమే అవుతాం. పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లాడు వచ్చి చెప్పినప్పుడు ‘నేను ముందే చెప్పానా’ అనే మాట మన నోట్లో తయారుగా ఉంటుంది. ఆ మాట రెండుసార్లంటే చాలు, మూడోసారి మార్కుల కాగితం మంచం కింద దొరుకుతుంది.

మా పిన్నిగారి కోడలు ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉంటుంది. మొన్న ఫోను చేసి, పోపు వేస్తుంటే నూనె అంటుకుందని చెప్పిందట. పిన్నిగారు ఏమన్నారో అని నేను బిక్కుబిక్కుమంటూ చూశాను. ‘నీళ్ళు పోయలేదు కదా? మూత పెట్టావా? చేతులు చూపించు’ అన్నారట. ఆ తర్వాత నూనె ఏ మూకుట్లో పోసింది, మంట ఎంత ఉంది, అన్నీ అడిగి, కింది అంతస్తు ఆవిడకి, పై అంతస్తువాళ్ళకి కూడా వెళ్ళి చెప్పి వచ్చారు. కోడలి పేరు మాత్రం చెప్పలేదట.